మగవాళ్లకు రాని భాష

మీకు ఎన్ని భాషలు వచ్చని అడిగితే, నిజం చెప్పే దమ్ము మీకుందా?

తెలుగు, ఉర్దూ, కొంచెం ఇంగ్లీషు అని మీరు చెప్పబోయే జవాబు నాకు తెలుసు. నేనడిగేది అది కాదు. వచ్చి కూడా రాదని చెప్పుకు తిరిగే భాషలు మీకు ఎన్ని ఉన్నాయని అడుగుతున్నాను. మా ఇబ్రహీంపట్నంలో మీసమున్న ప్రతివాడికీ అలాంటిది ఒకటి ఉండేది. ఆ ఒక్క అబద్ధం మా బావను లారీ ఎక్కించినంత పని చేసింది.

ఆ భాషను మా ఊళ్లో చాటుమాట అనేవారు. అది ఆడవాళ్ల సొత్తు. ప్రతి అక్షరం ముందూ ఒక ‘క’ తగిలించడమే దాని కిటుకంతా. ‘నీళ్లు తే’ అనాలంటే ‘కనీ కళ్లు కతే’ అనాలి. కాగితం మీద చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మా అమ్మ నోట వింటే తెలిసేది. కల్లంలో గింజలేరుకునే పిట్టల గుంపు ఒక్కసారిగా లేచినట్టుండేది. అత్త మీద ఫిర్యాదు, ఆడబిడ్డ మీద ఎకసెక్కం, బియ్యం డబ్బాలో దాచుకున్న బెల్లం సంగతి, అన్నీ మగవాళ్ల ఎదుటే, మగవాళ్ల ముక్కు కిందే నడిచిపోయేవి.

మగవాడు ఆ భాష మాట్లాడకూడదు. మాట్లాడితే మీసం రాలిపోతుందని చెప్పేవారు. ఈ సిద్ధాంతాన్ని పరీక్షించాలని నాకు చిన్నప్పుడే ఉబలాటం కలిగింది కానీ, రాలడానికి మీసం లేకపోవడం వల్ల ప్రయోగం కొన్నేళ్లు వాయిదా పడింది. మీసం వచ్చాక బావి దగ్గర నిలబడి గొంతెత్తి అరగంట మాట్లాడాను. ఒక్క వెంట్రుక రాలలేదు. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే అమ్మ చీపురు తిరగేసి, “సిగ్గులేదా మొగపుటక పుట్టి?” అని వీపు మీద వాయించింది. శాస్త్రం కోసం దెబ్బలు తిన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మాట్లాడకపోవడం చిన్న నియమమే. అసలు మర్యాద వేరే ఉంది. అర్థమైనట్టు కనపడకూడదు. ఆడవాళ్లు చాటుమాటలోకి దిగగానే మగవాడు మొహాన్ని గోడలాగా పెట్టుకోవాలి. ఇంటి దూలాల వంక చూడాలి. నవ్వు ఆగకపోతే దగ్గాలి. ఈ ఊరి మగవాళ్లకు ఇన్ని దగ్గులేమిటని పట్నం నుంచి టీకాలు వెయ్యడానికి వచ్చిన డాక్టరు ఒకాయన ఆశ్చర్యపోయాడు కూడా. పుట్టినప్పటి నుంచీ తల్లి ఒళ్లో విన్న భాష పెద్దయ్యాక రాకుండా ఎట్లా పోతుందని ఒక్కడూ అడగడు. వచ్చని ఒక్కడూ ఒప్పుకోడు. ఇంటి ఆడవాళ్ల గుట్టు వినేవాడు మగాడేనా అన్నది వాళ్ల పౌరుషం.

భాష అన్నాక యాసలుంటాయి. మా దగ్గర ‘క’ అయితే కోహెడలో ‘చ’. అక్కడ ‘చనీ చళ్లు చతే’ అంటారు. కందుకూరు వాళ్లు ఏ అక్షరమూ తగిలించరు, మాటనే తిరగేస్తారు. నీళ్లు అక్కడ ‘ళ్లునీ’. ఇక కొంగరకలాన్ ఆడపడుచులు ముందు మాటను తిరగేసి, ఆ పైన మా ‘క’ కూడా తగిలిస్తారు. అక్కడి నుంచి కొత్త కోడలు ఎవరైనా వస్తే మా వాడకట్టు ఆడవాళ్లు బావి దగ్గర చుట్టూ చేరి, ఏదన్నా మాట్లాడమని బతిమాలేవారు. యాసలున్నాక ఎచ్చులూ ఉంటాయి. కోహెడ వాళ్ల మాట మోటు అని మా అమ్మ నిశ్చితాభిప్రాయం. అక్కను ఆ ఊరికే ఇచ్చారు. మొదటిసారి పుట్టింటికొచ్చి అక్క నోరు జారి ఒక ‘చ’ వాడేసరికి అమ్మ మొహం మాడిపోయింది. “అప్పుడే నోరు మారిందా బిడ్డా? రేపు మమ్ముల గూడ మరుస్తవ్” అంది. అటు కోహెడలో అక్క ‘క’ వింటే అత్తగారు పడీపడీ నవ్వేదట.

నేనప్పుడు పట్నంలో చదువుకుంటున్నాను. చదువు కంటే ఎక్కువగా సాయంకాలం సభల్లో వాదిస్తున్నాను. వితంతువు పెళ్లాడవచ్చా, అందరూ ఒక పంక్తిలో తినవచ్చా, పిల్లి ఎదురొస్తే ఆగాలా, దేని మీదైనా సరే అవతలివాడి ఆక్షేపణ వాడి కంటే ముందే చెప్పి, దాన్ని నేనే ఖండించి, కూర్చునేవాణ్ణి. కారణం విడమరిచి చెబితే లోకంలో లొంగని మనిషి ఉండడని గట్టిగా నమ్మేవాణ్ణి.

పోలీసు యాక్షన్ జరిగిన తర్వాతి చలికాలం అది. నిజాం రాజ్యం పోయింది. కొత్త సైన్యం మా ఊరి బయటి ముసాఫిరు బంగ్లాలో దిగింది. గుట్టల్లో కమ్యూనిస్టు దళాలున్నాయి. దళానికి అన్నం పెట్టారన్న అనుమానం వస్తే చాలు, మనిషిని లారీ ఎక్కించేవారు. ఎక్కినవాడి కోసం ఇంటివాళ్లు పట్నంలో ఆ జైలుకూ ఈ జైలుకూ తిరగడం కళ్లారా చూశాం. అంతకుముందు దోచుకోవడానికి వచ్చిన మూకలకు భయపడ్డాం, ఇప్పుడు కాపాడటానికి వచ్చినవాళ్లకు భయపడుతున్నాం. భయం మాత్రం అదే.

ఆ రోజుల్లోనే అక్కాబావా మా ఇంటికి వచ్చారు. అల్లుడొచ్చాడని కోడిని కోశారు. సెలవులకు నేనూ ఇంటికొచ్చి ఉన్నాను కానీ, జరిగింది చూడలేదు, బజారుకు పోయాను. ఇంట్లో నలుగురూ నాలుగు విధాలుగా చెప్పింది కలిపి రాస్తున్నాను.

మా బాపు మంచి మనిషి, ఊళ్లో నలుగురికి మాట చెప్పేవాడు. కోడికూర దగ్గర మాత్రం ఆయనకు బంధుత్వాలు గుర్తుండవు. తొడముక్కలు ముందు ఆయన గిన్నెలోకే పోతాయి. మిగిలితే అల్లుడికి. ఆ రోజు వాకిట్లో బాపు చెప్పులు విడిచిన చప్పుడు వంటింట్లో అక్క విన్నది. దొడ్లో పొయ్యి మీది కూర చూస్తున్న అమ్మకు చాటుమాటలో కేక పెట్టింది: ముసలాయన వచ్చిండు, తొడముక్కలు దాచిపెట్టు, లేకుంటే అల్లునికి మెడకాయే మిగుల్తది. అమ్మ గిన్నె పట్టుకుపోయి కోళ్లను కమ్మే గంప కింద పెట్టింది.

సరిగ్గా అప్పుడే సోదాకు వచ్చిన సిపాయిలు దొడ్డిదారిన లోపల అడుగుపెట్టారు. వాళ్లకు కనిపించింది ఇది: లోపలి నుంచి ఒక వింత కేక వచ్చింది, ఒక పెద్దావిడ గబగబా తిండి గిన్నె దాచింది.

సిపాయిల పెద్ద జమేదారు ఉత్తరాది మనిషి. ఆయన వెంట కోస్తా జిల్లాల నుంచి తెచ్చుకున్న ఒక దుబాసి. బక్కపలచని మనిషి, పాపం మా తెలుగే ఆయనకు సగం అంతుపట్టేది కాదు. జమేదారు గంప లేపించాడు. కోళ్ల గంప కింద కోడి తొడలు! ఇది ఎవరికోసం అన్నాడు. అమ్మ బాపు వంక చూసి తల దించుకుంది. ఆ పిల్ల ఏమని అరిచిందో కనుక్కోమని దుబాసిని పంపాడు.

“ఏమండీ, మీ అమ్మాయిగారు ఇందాక ఏమన్నారండీ?” అని దుబాసి బాపును అడిగాడు.

బాపు దూలం వంక చూశాడు. “నాకేమెరుక? గది ఆడోళ్ల మాట.”

“మీ ఇంట్లో మాట మీకు తెలీదాండీ?”

“ఇంట్ల మాటే. కాని ఆడోళ్లది.”

దుబాసి మా బావ వైపు తిరిగాడు. అత్తవారింట్లో అల్లుడు అందరికంటే ఎక్కువ చెవిటివాడుగా ఉండాలి. బావ వినయంగా చేతులు కట్టుకుని, “నాకు తెల్వది సార్. నేను ఈ ఊరోన్ని గాదు, కోహెడ” అన్నాడు. ఈ ఊరివాడు కాదన్న ముక్క జమేదారు చెవిన పడింది.

ఆడవాళ్లనే అడిగారు. మొగుణ్ణి పరాయివాళ్ల ముందు తిండిపోతని ఎట్లా చెబుతుంది అమ్మ? “కూరల ఉప్పు ఎక్కువైందన్నది” అని చెప్పింది. అదే క్షణాన వంటింట్లోంచి అక్క, “కోడిపిల్లలను కమ్మమన్న” అంది. ఒకే మాటకు రెండు అర్థాలు. జమేదారు మీసం దువ్వుకున్నాడు.

నేను ఇల్లు చేరేసరికి కథ ఇక్కడికి వచ్చింది. ఇంతకంటే మంచి సభ నాకు మళ్లీ దొరకదనిపించింది. వాకిట్లో నిలబడి గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఇందులో రహస్యమేమీ లేదు, ఇది భాష, దీనికి నియమాలున్నాయి అన్నాను. ఇబ్రహీంపట్నంలో ఒక మాండలికం, కోహెడలో ఒక మాండలికం, కందుకూరులో వేరొకటి, కొంగరకలాన్‌లో రెండూ కలిసిన పద్ధతి అని ఉదాహరణలతో నిరూపించాను. తరతరాలుగా తల్లి నుంచి కూతురికి అందుతోందని, బయటివాడికి తెలియనివ్వకపోవడమే దీని ప్రయోజనమని కూడా చెప్పాను. ఆ పూట నేను చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదని ఇప్పటికీ సవాలు చేస్తాను.

దుబాసి కష్టపడి ఒక్కో వాక్యం హిందీ చేశాడు. మాండలికం అన్న మాట దగ్గర ఆగి, కాసేపు బుర్ర గోక్కుని, ‘బ్రాంచి’ అన్నాడు.

జమేదారు కళ్లు మెరిశాయి. “బ్రాంచీలు మొత్తం ఎన్ని?”

“బ్రాంచీలు కాదండీ, మాండలికాలు!” అని నేను మొత్తుకున్నాను.

“కోహెడ బ్రాంచి మనిషి ఇతనేనా?”

బావ చేతులు ఆయన కండువాతోనే కట్టారు. గడప దాటుతూ బావ నా వంక చూసి, “బామ్మర్దీ, నువ్వు జర తక్కువ సదివినా మంచిగుండె” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం లారీ పట్నం పోతుందని, ఆ మాట ఏమిటో ఈలోగా తేలకపోతే బావ కూడా అందులో పోతాడని కబురు వచ్చింది. ఆడవాళ్లు రెండు రకాలుగా చెప్పారు, నేను బ్రాంచీల లెక్క చెప్పాను, ఇక మా నోటి మాట అక్కడ చెల్లదు. పొద్దున్నే అక్క బాపు ఎదుట వచ్చి నిలబడింది. ఆమె ఏడవలేదు. “బాపూ, నీకు ఇన్పడ్డది” అంది.

“ఏం ఇన్పడ్డది?”

“నేనన్నది. నీకు సమజైంది. పొయ్యి చెప్పు.”

అమ్మ అడ్డం వచ్చింది. “గదేం మాటే? మీ బాపుకు మన మాట యాడొస్తది? ఆయనకు మన మాట ఒస్తే ఇన్నేండ్లు నేను ఈ ఇంట్ల బతుకుదునా?”

బాపు తలపాగా చుట్టుకున్నాడు. అది చుట్టుకోవడానికి ఆయనకు ఆ రోజు పట్టినంత సేపు ఎన్నడూ పట్టలేదు. చుట్టుకుని బంగ్లా దారి పట్టాడు. మేమందరం వెనకే నడిచాం.

బంగ్లా ముందు ఊరి పెద్దలంతా చేరారు. పటేలు ముందున్నాడు. పిల్లగాడు మంచోడని, కుటుంబం మంచిదని, కోడి కూడా మంచిదేనని అందరూ సాక్ష్యం చెప్పారు. ఆ మాట అక్కతో మళ్లీ అనిపించి అర్థం చెప్పమంటే మాత్రం ఒక్కొక్కరే తల అడ్డంగా ఊపారు. “ఆడోళ్ల మాట సాబ్, మాకెట్ల తెలుస్తది?” వాళ్లు అబద్ధమాడుతున్నారని నాకు తెలుసు. ఎందుకాడుతున్నారో కూడా తెలుసు. కాస్త వెనగ్గా వాళ్ల వాళ్ల భార్యలు కొంగులు నోట పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక మనిషి లారీ ఎక్కినా సరే, తమ చెవులు పనిచేస్తాయని ఇంటిదానికి తెలియకూడదు! మూఢనమ్మకం అంటే దయ్యాలూ భూతాలూ అని నేను పట్నంలో ఉపన్యాసాలు ఇచ్చాను. దానికి ఇంత పెద్దమనిషి వేషం కూడా ఉంటుందని ఆ రోజు చూశాను.

లారీ ఇంజను చప్పుడు మొదలైంది. బావను లేపి నిలబెట్టారు. అక్క కదలకుండా బాపునే చూస్తోంది.

బాపు ముందుకు నడిచాడు. కచేరీల చుట్టూ తిరిగి నేర్చిన శుభ్రమైన ఉర్దూలో, దుబాసితో పని లేకుండా చెప్పాడు. “సాబ్, నా కూతురు అన్నది ఇది: ముసలాయన వచ్చిండు, తొడముక్కలు దాచిపెట్టు, లేకుంటే అల్లునికి మెడకాయే మిగుల్తది. ముసలాయనంటే నేనే.” తర్వాత ఊరివాళ్లకు వినపడేట్టు అదే తెలుగులో చెప్పాడు. ఎక్కడా దగ్గు లేదు.

జమేదారు నమ్మలేదు. ఇంటికిపోయి కూర్చుని కథ అల్లుకొచ్చారన్నాడు. నిన్న రాని భాష ఈ రోజు ఎట్లా వచ్చిందన్నాడు.

“లగ్గమైన కాన్నుంచి ఒస్తది సాబ్” అన్నాడు బాపు. “రాదని చెప్పుడు మా రివాజు.”

అప్పుడు అమ్మ గొంతు లేచింది. ఆమెకు జమేదారు కనపడలేదు, తుపాకులు కనపడలేదు, లారీ కనపడలేదు. కొంగు నడుముకు చుట్టి బాపు మీదికి వచ్చింది. అంత కోపంలో ఆమె నోట చాటుమాటే వచ్చింది. ‘కఇ కన్న కవా!’ అని మొదలుపెట్టింది. ఇన్నవా, ముసలోడా, ఇన్నేండ్లు అన్నీ ఇన్నవా? మీ అమ్మ సచ్చిన్నాడు నాకు ఏడుపు రాకుంటే ఉల్లిగడ్డ కోసుకొని కండ్లల్ల పెట్టుకున్నానని పక్కింటి వదినెకు చెప్పిన, అది గూడ ఇన్నవా?

బంగ్లా ముందు మగవాళ్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు.

పటేలు మోకాళ్లు పట్టుకుని నవ్వాడు. పక్కింటి వదినె మొగుడు నేల మీద కూర్చుండిపోయాడు. లారీ దగ్గర చేతులు కట్టేసి ఉన్న బావ కూడా, అల్లుడి మర్యాద గంగలో కలిపి, నవ్వాడు. నవ్వనివాళ్లు జమేదారూ, సిపాయిలూ, దుబాసీ. వాళ్లొక్కళ్లకే ఆ భాష రాదు.

జమేదారు ఒక్కొక్క మొహం వంకా చూశాడు. అమ్మ అన్నదాన్ని ఎవరూ ఇంకా తర్జుమా చెయ్యలేదు. ముందుగా కూడబలుక్కుంటే చెప్పగలిగేది అర్థం ఒక్కటే. నవ్వును ఎవరు కూడబలుక్కుంటారు? ఆయన పటేలు దగ్గరికి వచ్చి, “నీకు తెలీదన్నావు కదా?” అన్నాడు. పటేలు దగ్గాడు. ఆయన వెంట ఊరంతా దగ్గింది.

బావ చేతులకు కండువా విప్పమని జమేదారు సైగ చేశాడు. కాసేపు మీసం సవరించుకుని, కాస్త మెత్తబడిన గొంతుతో బాపుతో అన్నాడు. “మా ఊళ్లో కూడా ఆడవాళ్లకు ఇట్లాంటిది ఒకటి ఉంది. నాకైతే ఒక్క ముక్క అర్థం కాదు.”

“గట్లనే అనాలె సాబ్” అన్నాడు బాపు.

జమేదారు దగ్గాడు.

బావ ఇంటికి వచ్చాడు. ఇక్కడితో అయిపోయిందని మీరు అనుకుంటే మీకు సంసారం గురించి ఏమీ తెలియదు. ఆ పూట మా ఊళ్లో ప్రతి ఇంట్లో విచారణ జరిగింది. ఫలానా పండుగకు నేనన్నది విన్నావా, మీ చెల్లెలి గురించి అన్నది విన్నావా అని ఆడవాళ్లు నిలదీశారు. పటేలు రెండు పూటలు మా అరుగు మీదే భోంచేశాడు.

మా ఇంట్లో అమ్మ కొన్నాళ్లు బాపుతో మాట్లాడలేదు. ఎప్పుడు కోడిని కోసినా తొడముక్కలన్నీ ఆయన గిన్నెలోనే గుమ్మరించేది. ఆయన మింగలేక మింగేవాడు. ఒక రోజు గిన్నె ముందు పెట్టి, మామూలు తెలుగులో అడిగింది.

“నేను దాస్తున్నని తెలిసి గూడ ఎందుకు ఊకున్నవ్?”

“నువ్వు దాస్తవని తెలిసే, ముందుగాల రెండు ముక్కలు ఎక్కువ ఏసుకుంటుంటి.”

అమ్మ నవ్వలేదు. “మోకాళ్లు నొస్తున్నయి, ఒక్కనాడు దవాఖానకు తీస్కపోడని ఎన్నిమార్లో అన్న. అది ఇన్నవా?”

బాపు ముక్క గిన్నెలో పెట్టేశాడు. “ఇన్న.”

“మరి?”

“ఇన్నట్టు ఉండొద్దు గదా.”

ఆ ఒక్క మాటకు జవాబు చెప్పడానికి నేను ఇన్నేళ్లుగా వ్యాసాలు రాస్తున్నాను. తొడముక్కలు దాచిన సంగతి విని ఊరుకున్నవాడు రసికుడు. మోకాలినొప్పి విని ఊరుకున్నవాడు ఎవడు? బాపు చెడ్డవాడు కాదు, అదే నా బాధ. ఆయన మర్యాదస్తుడు. రాదన్న ఒక్క మాట చాటున మా ఊరి మగవాళ్లు ఎన్ని నొప్పులు, ఎన్ని ఆకళ్లు, పుట్టింటికి పోవాలన్న ఎన్ని ఆశలు విని, దూలం వంక చూస్తూ కూర్చున్నారో! ఆచారమని, గౌరవమని, ఆడవాళ్ల గుట్టని దానికి ఎన్ని పేర్లు పెట్టినా అది సోమరితనమే. ఎవరైనా కాదంటే వాదానికి రావచ్చు.

మర్నాడు పొద్దున్నే బాపు బండి కట్టాడు. గడ్డి మెత్తగా పరిచి, దాని మీద గొంగడి వేసి, అమ్మను ఎక్కించుకుని పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. దారి పొడవునా అమ్మ చాటుమాటలో తిడుతూనే ఉందట, ఆయన ప్రతి తిట్టుకూ జవాబు చెబుతూనే ఉన్నాడట. తెలుగులో.

ఇప్పుడు మీ సంగతి. మీ వంటింట్లోంచి, పక్కగదిలోంచి, మీకు పట్టదనుకుని ఎవరో అన్న మాట ఒకటి మీ చెవిన పడే ఉంది. నిన్నో, మొన్నో, ఇందాకో. అది ఏమిటో మీకు బాగా తెలుసు. ఇది చదవడం ఆపండి. లేచి ఆమె దగ్గరికి వెళ్లండి. నువ్వన్నది విన్నానని ఆమె భాషలోనే చెప్పండి. చెప్పి ఊరుకోకండి. ఆమె అడిగింది ఈ రోజే చెయ్యండి.